జిరా, గిట్‌హబ్ మధ్య సింక్ తప్పుతుంటే: కనెక్షన్ పీకి మళ్లీ పెట్టకముందే చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విజయవాడ ఆఫీసులో డెవలపర్లు పనుల జాబితాకి గిట్‌హబ్ ఇష్యూస్ వాడతారు, గుంటూరులో కూర్చునే టెస్టింగ్ టీమ్ అదే అవసరానికి జిరా క్లౌడ్ వాడుతుంది (అక్కడ ఇష్యూ అనేదే ఇక్కడ టికెట్). అటుది ఇటు, ఇటుది అటు చేరవేసేది విజయవాడ ఆఫీసు పీసీలో నడిచే ఒక పైథాన్ స్క్రిప్టు. కొన్ని మార్పులు వెబ్‌హుక్‌తో (మార్పు జరగగానే ఆ సైటే మీ పీసీకి పంపే కబురు), ఒక టనెల్ (బయటి నుంచి ఆఫీసు పీసీకి దారి ఇచ్చే సర్వీసు) గుండా వస్తాయి, పావుగంటకోసారి స్క్రిప్టు మొత్తం 900 ఇష్యూలనీ సరిచూస్తుంది. రెండు వారాల నుంచి గిట్‌హబ్‌లో మార్చినవి కొన్ని జిరాకి చేరట్లేదు. టెస్టర్ మార్చిన స్టేటస్ కాసేపటికి మళ్లీ పాతదైపోతోంది. తెలుగు టైటిల్ ఉన్న టికెట్లు అసలు రావట్లేదు. డ్యూ డేట్ 31 పెడితే 30 పడుతోంది. కనెక్షన్ తీసేసి మళ్లీ పెడితే ప్రతి టికెట్టూ రెండయింది.

ముందు స్క్రిప్టు ఆపండి. టాస్క్ షెడ్యూలర్‌లో డిసేబుల్ చేయండి, వెబ్‌హుక్‌ని కూడా యాక్టివ్ నుంచి తీయండి, కానీ డిలీట్ చేయకండి. సింక్ నడుస్తుండగా చేత్తో సరిదిద్దబోతే మీరు ఒకవైపు తుడిచింది రెండోవైపు కూడా తుడుచుకుపోతుంది. మీరు చెప్పినవి ఒకే జబ్బు లక్షణాలు కావు. నాలుగైదు వేర్వేరు లోపాలు ఒకేసారి బయటపడ్డాయి, అందుకే ఏ ఒక్కటి మార్చినా ఫలితం కనపడట్లేదు.

వెతకడం ఒక్క టికెట్టుతో మొదలుపెట్టండి. నిన్నో మొన్నో గిట్‌హబ్‌లో మారి జిరాకి చేరని ఇష్యూ ఒకటి తీసుకోండి. ఆ మార్పు నాలుగు చోట్ల ఎక్కడో ఒకచోట చచ్చి ఉంటుంది: గిట్‌హబ్ పంపలేదు, పంపింది మీ పీసీకి అందలేదు, అందింది కానీ స్క్రిప్టు వద్దనుకుంది, స్క్రిప్టు పంపింది కానీ జిరా ఒప్పుకోలేదు. గిట్‌హబ్‌లో రిపాజిటరీ (మీ కోడ్, ఇష్యూలు ఉండే చోటు) సెట్టింగ్స్‌లో వెబ్‌హుక్స్‌కి వెళ్లి రీసెంట్ డెలివరీస్ తెరిస్తే మొదటి రెండూ అక్కడే తేలిపోతాయి. ఆ జాబితా మూడు రోజుల వరకే ఉంటుంది. మళ్లీ పంపే రీడెలివర్ బటన్ కూడా ఆ మూడు రోజులకే పనిచేస్తుంది. శుక్రవారం పోయినదాన్ని మంగళవారం చూద్దామంటే ఏమీ దొరకదు.

ప్రతి డెలివరీ పక్కన మీ పీసీ ఇచ్చిన జవాబు కోడ్ ఉంటుంది. 200 అయితే సరుకు ఇంటికి చేరింది, గొడవ స్క్రిప్టులో ఉంది. 401 అయితే సంతకం తేడా, దీని సంగతి తెలుగు టైటిళ్ల దగ్గర చెప్తాను. 404 అయితే టనెల్ చిరునామా మారింది. ఉచిత టనెల్ సర్వీసుల్లో చాలావాటికి పీసీ రీస్టార్ట్ అయితే కొత్త చిరునామా వస్తుంది. టైమ్డ్ ఔట్ అని ఉంటే మీ స్క్రిప్టు జవాబివ్వడానికి 10 సెకన్లు దాటింది. గిట్‌హబ్ అంతకు మించి ఆగదు. కబురు అందుకోగానే జిరాకి ఫోన్లు కలిపి, కామెంట్లు రాసి, అన్నీ అయ్యాక 200 ఇచ్చే పద్ధతిలో రాసిన స్క్రిప్టులన్నిటికీ ఈ రోగం ఉంటుంది. అందిన జేసన్‌ని (కబురు వచ్చే రూపం) అలాగే ఒక టేబుల్‌లో పడేసి వెంటనే 202 (అందింది, తర్వాత చూస్తా అన్న కోడ్) ఇచ్చేయండి, పని వేరే ప్రాసెస్ చేసుకుంటుంది. ఆ టేబుల్‌లోనే ఎక్స్-గిట్‌హబ్-డెలివరీ అనే హెడర్ (కబురుతో పాటు వచ్చే చిన్న వివరం) విలువని కూడా దాచండి. రీడెలివర్ చేసినా ఆ నంబరు మారదు కాబట్టి ఒకే కబురు రెండుసార్లు వచ్చిందో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఒకవైపు నుంచి మాత్రమే మార్పులు పోవడం అనేది మంచి ఆనవాలు. జిరా క్లౌడ్ కొన్ని రకాల వైఫల్యాలకు కాసేపాగి తనే మళ్లీ పంపుతుంది. గిట్‌హబ్ మళ్లీ పంపదు, ఒక్కసారే. కాబట్టి ఆఫీసులో కరెంటు పోయిన ఇరవై నిమిషాల్లో జిరా నుంచి వచ్చేవి ఆలస్యంగానైనా చేరతాయి, గిట్‌హబ్‌వి గాల్లో కలిసిపోతాయి. మే నెల మధ్యాహ్నాలు బెజవాడలో ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పీసీకి యూపీఎస్ ఉన్నా రూటర్‌కి, ఫైబర్ డబ్బాకి లేకపోతే లాభం లేదు. డెలివరీ జాబితాలో ఫెయిలైన టైములన్నీ ఒకేచోట గుంపుగా ఉంటే కారణం ఇదే. ఈ స్క్రిప్టుని ఆఫీసు పీసీ నుంచి చిన్న క్లౌడ్ మెషీన్‌కి మార్చడం అన్నిటికన్నా మేలు. 1 జీబీ ర్యామ్ ఉన్నది చాలు. అది కుదరకపోతే వెబ్‌హుక్ మీద నమ్మకం పెట్టుకోకుండా మీరే పావుగంటకోసారి అడిగి తెచ్చుకోండి.

టనెల్ ఎందుకు, రూటర్‌లో పోర్టు తెరిస్తే సరిపోదా అని అడిగారు. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రూటర్ చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల ఉమ్మడి ఐపీ వెనకున్నారు, పోర్టు ఎన్నిసార్లు తెరిచినా బయటి నుంచి ఎవరూ రాలేరు. స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదంటే టనెల్.

ఇక అడిగి తెచ్చుకునే పావుగంట పని. ఇందులో మూడు గుంటలున్నాయి, మీ స్క్రిప్టు మూడింట్లోనూ పడినట్టుంది.

మొదటిది టైమ్‌జోన్. జిరా వెతుకులాట భాషలో అప్‌డేటెడ్ ఫలానా టైము తర్వాత అని రాస్తే, ఆ టైముని మీ టోకెన్ (స్క్రిప్టు లాగిన్ అయ్యే తాళం) ఏ అకౌంటుదో ఆ అకౌంటు ప్రొఫైల్‌లోని టైమ్‌జోన్‌లో చదువుతుంది. స్క్రిప్టు మన టైము ప్రకారం మధ్యాహ్నం 3:00 అని రాసి, ఆ అకౌంటు యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రామాణిక సమయం) ఉంటే, జిరా దాన్ని రాత్రి 8:30 అనుకుంటుంది. ఇంకా రాని టైము తర్వాత మారినవి ఏముంటాయి? జవాబు ఖాళీ, ఎర్రర్ ఉండదు, లాగ్‌లో సున్నా టికెట్లు విజయవంతం అని పడుతుంది. తిరగేసి జరిగితే అయిదున్నర గంటల సరుకు ప్రతిసారీ వచ్చి పడుతుంది. ఆ భాషలో సెకన్లు రాయలేం, నిమిషాల వరకే. అందుకే గడియారం టైము మానేసి గత 30 నిమిషాలు అని రాయండి, మైనస్ 30ఎమ్ అని. పావుగంటకోసారి నడిపి అరగంటది తెచ్చుకుంటే కొన్ని రెండుసార్లు వస్తాయి, రానివ్వండి. టికెట్ ఐడీ, మారిన టైము రెండూ కలిపి చూసి చూసినవాటిని వదిలేయొచ్చు. ఇప్పుడే మారిన టికెట్ జిరా సెర్చ్‌లో కాస్త ఆలస్యంగా కనపడటం మామూలే, ఆ లోటుని కూడా ఈ అతివ్యాప్తి పూడుస్తుంది. గిట్‌హబ్‌లో ఈ చిక్కు లేదు. సిన్స్ అనే పారామీటర్‌కి చివర జెడ్ పెట్టి యూటీసీ టైము ఇస్తే అయిపోతుంది.

చివరిసారి ఎప్పుడు నడిచానో పీసీ గడియారం చూసి రాసుకునే స్క్రిప్టులు ఇంకో రకంగా మోసపోతాయి. పాత పీసీలో మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చాక తేదీ ఎటో పోతుంది. తెచ్చుకున్న టికెట్లలో అన్నిటికన్నా కొత్తదాని టైముని గుర్తుగా రాసుకోండి, మీ గడియారాన్ని కాదు. గిట్‌హబ్ యాప్ పద్ధతిలో లాగిన్ అవుతుంటే గడియారం ఇంకా ముఖ్యం. అప్పుడు స్క్రిప్టు పంపే సంతకం గడువు 10 నిమిషాలు మించకూడదు, పీసీ ముందుకి నడుస్తుంటే నేరుగా తిరస్కరిస్తుంది.

రెండోది పేజీలు. గిట్‌హబ్ ఒక్కో జవాబులో అడక్కపోతే 30, అడిగితే గరిష్ఠంగా 100 ఇష్యూలు ఇస్తుంది. జిరా మామూలుగా 50. తర్వాతి పేజీ అడగని స్క్రిప్టు చిన్న ప్రాజెక్టులో నెలల తరబడి బాగానే నడుస్తుంది, టికెట్లు పెరిగాక పాతవాటిని నిశ్శబ్దంగా వదిలేస్తుంది. రెండు వారాల నుంచే అంటున్నారు కాబట్టి మీ టికెట్ల లెక్క అప్పుడే ఏ హద్దు దాటిందో చూడండి. జిరా పాత సెర్చ్ దారి తీసేసి కొత్తది పెట్టింది. కొత్తదాంట్లో మొత్తం ఎన్ని అన్న లెక్క రాదు, తర్వాతి పేజీకి వేరే టోకెన్ (పేజీ గుర్తు) ఇస్తుంది, ఏయే ఫీల్డులు కావాలో మీరు చెప్పకపోతే ఐడీ తప్ప ఏమీ రాదు. మొత్తం లెక్క చూసి లూప్ ఆపే పాత కోడ్‌ని చిరునామా ఒక్కటే మార్చి నడిపిస్తే మొదటి పేజీతోనే ఆగిపోతుంది. ఇంకొకటి: గిట్‌హబ్ ఇష్యూల జాబితాలో పుల్ రిక్వెస్టులు (కోడ్ మార్పు కలపమనే వినతులు) కూడా కలిసి వస్తాయి. పుల్_రిక్వెస్ట్ అనే ఫీల్డు ఉన్నవాటిని పక్కన పెట్టకపోతే గుంటూరు వాళ్లకి అర్థంకాని టికెట్లు పుట్టుకొస్తాయి.

మూడోది కోటా. గిట్‌హబ్‌ని టోకెన్‌తో గంటకి 5000 సార్లే అడగొచ్చు, ఒక్కో అడగడం ఒక పిలుపు. మీరు చెప్పిన 900 ఇష్యూలకి, ఒక్కోదానికి కామెంట్లు ఒకసారి, చరిత్ర ఒకసారి అడిగితే ఒక విడతకి 1800. గంటకి నాలుగు విడతలంటే 7200. మూడో విడత ముప్పాతిక దాటాక కోటా అయిపోతుంది, నాలుగోది మొత్తం తిరస్కరణే. గంట మొదట్లో మార్చినవి చేరుతున్నాయి, చివర్లో మార్చినవి చేరట్లేదు అని ఎవరైనా అంటే వాళ్లకి చాదస్తం అనుకోకండి, ఇదే. సిన్స్ పెట్టి మారినవే తెచ్చుకుంటే పిలుపులు పదుల్లోకి దిగుతాయి. జవాబుతో వచ్చే ఈట్యాగ్‌ని (ఆ జవాబు గుర్తు) దాచి మళ్లీ పంపితే, ఏమీ మారనప్పుడు 304 (మార్పు లేదు అన్న కోడ్) వస్తుంది, టోకెన్‌తో అడిగినప్పుడు అది కోటాలో పడదు. జిరా 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు అన్న కోడ్) ఇస్తే రీట్రై-ఆఫ్టర్ హెడర్‌లో ఎన్ని సెకన్లు ఆగమందో అన్ని సెకన్లు ఆగండి.

స్టేటస్ పాతదైపోవడం మీ ప్రశ్నలో అసలు విషయం. దీనికి రెండు కారణాలు కలిసి ఉంటాయి.

జిరాలో మీకు ఆరు స్టేటస్‌లు, గిట్‌హబ్ ఇష్యూకి ఓపెన్, క్లోజ్డ్ రెండే. టెస్టర్ రెడీ ఫర్ క్యూఏ (టెస్టింగ్‌కి సిద్ధం) అని మారిస్తే అవతల ఓపెన్ అవుతుంది. పావుగంట తర్వాత స్క్రిప్టు గిట్‌హబ్‌లో ఓపెన్ చూసి, దాన్ని జిరా భాషలోకి మార్చి టు డూ అని రాస్తుంది. ఆరు గదుల సామాను రెండు గదుల్లో సర్ది, మళ్లీ ఆరు గదుల్లోకి ఎక్కడిదక్కడ పెట్టమంటే ఎలా కుదురుతుంది? జిరాలో ఉన్న స్టేటస్ ఓపెన్ వర్గానిదా, క్లోజ్డ్ వర్గానిదా చూడండి. గిట్‌హబ్ చెప్పేది అదే వర్గమైతే ముట్టుకోకండి. వర్గం తేడా వచ్చినప్పుడే మార్చండి.

రెండోది ప్రతిధ్వని. స్క్రిప్టు గిట్‌హబ్‌లో సింక్ అయింది అని కామెంట్ రాస్తుంది, దాంతో ఇష్యూ మారిన టైము కొత్తదవుతుంది. తర్వాతి విడతలో ఏది కొత్తదైతే అదే నిజం అన్న లెక్కలో గిట్‌హబ్ గెలుస్తుంది, టెస్టర్ పని కొట్టుకుపోతుంది. చివరగా రాసినవాడిదే మాట అన్న పద్ధతి రెండువైపుల సింక్‌కి పనికిరాదు. దాని బదులు ప్రతి టికెట్టుకీ, ప్రతి ఫీల్డుకీ చివరిసారి రెండువైపులా సమానంగా ఉన్న విలువని ఒక టేబుల్‌లో దాచండి. ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైల్లో ఇమిడే చిన్న డేటాబేస్) చాలు. కొత్త విడతలో జిరా విలువ, గిట్‌హబ్ విలువ రెండిటినీ ఆ దాచినదానితో పోల్చండి. ఒకటే మారితే అది రెండోవైపుకి వెళ్తుంది. రెండూ మారితే ఆ ఫీల్డు ఎవరి సొత్తో వాళ్ల మాట నెగ్గుతుంది. స్టేటస్, డ్యూ డేట్, ప్రాధాన్యం జిరావి. లేబుళ్లు, మైల్‌స్టోన్ గిట్‌హబ్‌వి. కామెంట్లు ఎవరివీ కావు, రెండువైపులా చేర్చడమే తప్ప దిద్దడం, తీసేయడం సింక్‌కి అప్పగించకండి. ఈ సొత్తు పంచడం ప్రోగ్రామర్ ఒక్కడే కూర్చుని చేసే పని కాదు, విజయవాడ లీడ్, గుంటూరు లీడ్ ఇద్దరూ ఒప్పుకుని రాసుకోవాలి.

స్క్రిప్టు తను చేసిన మార్పుని తనే మళ్లీ మోసుకురాకుండా, పంపినవాడు బాట్ (స్క్రిప్టు వాడే అకౌంటు) అయితే వదిలేయ్ అని ఒక లైను పెడతారు. మంచిదే, కానీ బాట్‌కి సొంత అకౌంటు ఉంటేనే. ఎవరో ఒక డెవలపర్ టోకెన్‌తో స్క్రిప్టు నడుస్తుంటే ఆ డెవలపర్ చేత్తో చేసిన మార్పులు కూడా బాట్‌వే అనుకుని వదిలేస్తుంది. ఒక్క మనిషి మార్పులే చేరట్లేదంటే ముందు టోకెన్ ఎవరిదో చూడండి. ఆ మనిషి ఉద్యోగం మారిన రోజు మొత్తం ఆగిపోతుంది, అది వేరే సంగతి. టోకెన్ గడువూ గమనించండి. అట్లాసియన్ కొత్త ఏపీఐ టోకెన్లకి గరిష్ఠంగా ఏడాది. క్యాలెండర్‌లో గడువుకి వారం ముందు గుర్తు పెట్టుకోవడమే మందు.

జిరాలో స్టేటస్ ఫీల్డుని నేరుగా రాయలేరు. ట్రాన్సిషన్ (ఒక స్టేటస్ నుంచి ఇంకోదానికి దారి) ద్వారానే వెళ్లాలి, అదీ ఇప్పుడున్న స్టేటస్ నుంచి వర్క్‌ఫ్లో అనుమతించిన దారుల్లోనే. ముందు ఆ టికెట్టుకి ఏ ట్రాన్సిషన్లు ఉన్నాయో అడిగి, వచ్చిన ఐడీలో మీకు కావలసినది ఉంటేనే పంపండి. ట్రాన్సిషన్ స్క్రీన్‌లో రిజల్యూషన్ తప్పనిసరి అని ఎవరైనా పెట్టి ఉంటే 400 వస్తుంది. స్క్రిప్టు ఆ జవాబు చదవకుండా ముందుకెళ్తే మీకు ఎప్పటికీ తెలియదు. కోడ్‌తో పాటు జవాబు లోపలి వాక్యం కూడా లాగ్‌లో రాయండి, జిరా ఏ ఫీల్డు లోటో పేరుతో సహా చెప్తుంది.

తెలుగు టైటిళ్ల దగ్గర రెండు చోట్ల తెగుతుంది. గిట్‌హబ్ పంపే ఎక్స్-హబ్-సిగ్నేచర్-256 సంతకం, పంపిన బైట్ల మీద లెక్కకట్టినది. మీ స్క్రిప్టు ముందు జేసన్‌ని విప్పి, మళ్లీ జేసన్ డంప్స్‌తో కట్టి, దాని మీద సంతకం లెక్కిస్తే, పైథాన్ మామూలుగా తెలుగు అక్షరాలన్నిటినీ బ్యాక్‌స్లాష్ యూ కోడ్లుగా మార్చేస్తుంది. గిట్‌హబ్ పంపిన బైట్లు వేరు, మీరు కట్టినవి వేరు, సంతకం కలవదు, 401. మళ్లీ కట్టేటప్పుడు ఖాళీలు పెట్టే పద్ధతి సరిగ్గా కుదిరినంత కాలం ఇంగ్లీషు టైటిళ్లు దాటిపోతాయి కాబట్టి తప్పు ఇక్కడుందని ఎవరికీ అనుమానం రాదు. విప్పకముందు వచ్చిన ముడి బైట్ల మీదే సంతకం సరిచూడండి.

రెండో చోటు పొడవు. జిరా టైటిల్‌కి 255 అక్షరాలు హద్దు. దానికోసం స్క్రిప్టు 255 బైట్లకి కత్తిరిస్తోందేమో చూడండి. చెల్లింపు అన్న మాట కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో తొమ్మిది గుర్తులు, యూటీఎఫ్-8లో (కంప్యూటర్ ఆ గుర్తుల్ని దాచే పద్ధతి) 27 బైట్లు. తెలుగు గుర్తు ఒక్కోటి మూడేసి బైట్లు కాబట్టి 255 బైట్లలో 85 గుర్తులే పడతాయి. ఆ గుర్తుల మధ్య ఒక్క ఖాళీ వచ్చినా లెక్క మారి, కత్తి సరిగ్గా అక్షరం మధ్యలో పడుతుంది. డీకోడ్ ఎర్రర్‌తో ఆ టికెట్ అక్కడే ఆగుతుంది. స్ట్రింగ్ మీద కత్తిరించండి, బైట్ల మీద కాదు.

డ్యూ డేట్ సంగతి సులువు. 31వ తేదీ అర్ధరాత్రి మన టైముని యూటీసీకి మారిస్తే 30వ తేదీ సాయంత్రం 18:30. అందులోంచి తేదీ ముక్క మాత్రమే తీస్తే 30. తేదీకి టైము అతికించకండి, జిరా డ్యూ డేట్ ఉత్త తేదీయే, ఆ ముక్కని ముక్కలాగే మోయండి. ఆ తేదీలని గూగుల్ క్యాలెండర్‌లో లింకుతో చూస్తున్నవాళ్లుంటే అది రిఫ్రెష్ కావడానికి 12 గంటల వరకు పట్టొచ్చు, దాన్ని సింక్ లోపం అనుకుని మీ కోడ్ కెలకొద్దు.

రెట్టింపు టికెట్లు శుభ్రం చేయడం చివర్లో, మిగతావన్నీ సరిచేశాక. కనెక్షన్ తీసినప్పుడు ఏ ఇష్యూకి ఏ టికెట్ జోడీ అన్న టేబుల్ పోయింది, అందుకే స్క్రిప్టుకి అన్నీ కొత్తగా కనపడ్డాయి. రెండువైపుల నుంచీ సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే జాబితా) తీసి, టైటిల్‌తోనూ రాసినవారితోనూ జోడీలు కట్టి, పాతది ఉంచి కొత్తదానికి డూప్లికేట్ అని లేబుల్ పెట్టి మూయండి. డిలీట్ వద్దు. కొత్తదాంట్లో ఈమధ్య ఎవరైనా కామెంట్ రాసి ఉంటే ముందు దాన్ని పాతదానికి చేర్చండి. జోడీ టేబుల్ కట్టేటప్పుడు జిరా కీ (టికెట్ మీద కనపడే ప్రాజెక్టు పేరు, నంబరు) కాకుండా లోపలి ఐడీ వాడండి. టికెట్‌ని వేరే ప్రాజెక్టుకి తరలిస్తే కీ మారుతుంది, ఐడీ మారదు. గిట్‌హబ్ ఇష్యూ నంబరు ఆ రిపాజిటరీ లోపలే ప్రత్యేకం, కాబట్టి రిపాజిటరీ పేరుతో కలిపి దాచండి. గిట్‌హబ్ లింకుని జిరాలో ఒక కస్టమ్ ఫీల్డులో కూడా రాస్తే, టేబుల్ మళ్లీ పోయినా దాన్నుంచి కట్టుకోవచ్చు. కొత్త టికెట్ తెరిచే ముందు ఆ ఫీల్డులో ఈ లింకు ఉందేమో వెతకమనండి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఒక ప్రయోగ ఇష్యూతో చూడండి: తెలుగు టైటిల్, నెలాఖరు డ్యూ డేట్, జిరాలో రెడీ ఫర్ క్యూఏ, గిట్‌హబ్‌లో ఒక కామెంట్. నాలుగు విడతలు, అంటే గంట సేపు, ఏదీ కదలకుండా ఉంటే మిగతావాటికి తెరవండి. ఇంకా ఏదైనా పోతుంటే ఆ డెలివరీ నంబరు, అదే నిమిషంలోని లాగ్ లైన్లు, బాట్ అకౌంటు టైమ్‌జోన్ ఈ మూడూ ఇక్కడ పెట్టండి. లాగ్‌లో టోకెన్ కనపడుతుంటే చెరిపేసి పెట్టండి.